సమస్యాపూరణం: “నిప్పు లేక నేల నీరు కాచె”

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. భూమి లోపలి వేడి ఎక్కడిదో పద్యంలో తేలాలి. యతి తప్పినా, సైన్సు తప్పినా ఊరుకునేది లేదు.

బెజవాడ బుల్లోడు:
మిట్ట యెండ వేళ మేడపై ట్యాంకులో
చేయి పెట్టలేము, చేతులుడుకు
గీజరేల మాకు కృష్ణాతటమ్మున
నిప్పు లేక నేల నీరు కాచె

నిర్వాహకుడు: గీజరుకూ కృష్ణకూ యతి కలపడం భలే ఉంది తమ్ముడూ! కానీ ఇక్కడ నీళ్లు కాచింది సూర్యుడు, నేల కాదు. ఎండాకాలం వేడి నేలలోకి పది, ఇరవై మీటర్లు దిగేసరికే చల్లారిపోతుంది. ఆపైన కిలోమీటరుకు 25, 30 డిగ్రీల చొప్పున పెరిగేది వేరే వేడి, నేనడిగింది దాని గురించి.

శ్రీవల్లి:
మంచుకొండ చెంత మణికర్ణ యూటలో
మూట గట్టి బియ్యముడుక బెట్ట
అగ్గిపుల్ల లేదు అన్నమ్ము సిద్ధము
నిప్పు లేక నేల నీరు కాచె

జియాలజీ మాస్టారు: హాయిగా ఉందమ్మా. మూడో పాదంలో ‘లేదు’ పక్కన ‘అన్నమ్ము’ వస్తే ఉత్వసంధి జరిగి గణం కుంటుతుంది. “అగ్గిపుల్ల గీయకన్నమ్ము సిద్ధము” అంటే సరి. హిమాచల్‌లోని ఆ మణికరణ్ దగ్గర అగ్నిపర్వతమేమీ లేదు. వానలకు, మంచుకు ఇంకిన నీళ్లు పగుళ్ల వెంట లోతుకు పోయి, వేడి రాతికి కాగి పైకి వస్తాయి. మన మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వచ్చేది కూడా లోపలి వేడితోనే. మరి ఆ రాతికి వేడి ఎవరిచ్చారు? పద్యం అక్కడిదాకా వెళ్లలేదు.

కోనసీమ కుర్రోడు:
అడుగులో యురేనియము థోరియమ్ములు
మెల్లమెల్లగాను మేను చెదర
వచ్చు వేడి చాలు వందకోట్లేండ్లకు
నిప్పు లేక నేల నీరు కాచె

జియాలజీ మాస్టారు: ఇదీ పూరణ! వందకోట్లు తక్కువే చెప్పావు. యురేనియం-238 సగానికి రావడానికే దాదాపు 450 కోట్ల ఏళ్లు, థోరియానికి 1400 కోట్లు. ఒక్క ‘అడుగులో’ మాత్రం ఒప్పుకోను. ఈ రెండూ రాతిని పట్టుకుని ఉండే మూలకాలు, నడిమధ్య ఇనుప గోళంలోకి దిగవు. “అద్రిలో” అని మొదలుపెట్టు, యతి చెడదు.

పాత పంతులమ్మ:
పుట్టినపుడు తిన్న పోట్ల వేడిమి కొంత
గర్భమందు నినుము గడ్డకట్టి
వెలువరించు వేడి వేరొక కొంతయై
నిప్పు లేక నేల నీరు కాచె

నిర్వాహకుడు: ‘తిన్న పోట్లు’ అనే మాటలో గ్రహశకలాలు వచ్చి గుద్దుకోవడం మొత్తం ఇమిడింది. నా ఓటు దీనికే.

కోనసీమ కుర్రోడు: మరి నా యురేనియం సంగతేంటండీ? పుట్టుకతో వచ్చిన వేడి ఒక్కటే లెక్కేసి కదా భౌతికశాస్త్రవేత్త కెల్విన్ 1862లో దెబ్బతిన్నాడు! భూమి కరిగిన ముద్దగా మొదలై చల్లబడుతోందనుకుని, దాని వయసు రెండు కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్యలో, అసలుకన్నా చాలా తక్కువగా తేల్చాడు. యురేనియం లాంటివి తమంతట తామే చెదిరిపోయే రేడియోధార్మికత బయటపడింది 1896లో.

జియాలజీ మాస్టారు: ఆ కథ అందరూ అలాగే చెబుతారు గానీ, కెల్విన్ దగ్గర పనిచేసిన పెర్రీ 1895లోనే అసలు లొసుగు పట్టాడు. లోపలి పదార్థం కదులుతూ వేడిని పైకి మోసుకొస్తుంటే, చాలాకాలం దాకా పైపొర దగ్గర వేడి తగ్గినట్టు కనిపించదు. కెల్విన్ మాత్రం లోపలంతా కదలని గట్టి రాయిగానే లెక్కవేశాడు. ఎక్కువ తేడా తెచ్చింది అదే. అయినా నీ వాటా నీకుంది నాయనా. భూమి నుంచి బయటికి పోయే వేడి సుమారు 47 టెరావాట్లు, అంటే 47 లక్షల కోట్ల వాట్లు. జపాన్‌లోని కమియోకా గని డిటెక్టర్ ఈ మూలకాలు చెదిరేటప్పుడు పుట్టి భూమి లోపలి నుంచి వచ్చే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలను పట్టింది. 2011లో వచ్చిన ఆ లెక్క ప్రకారం ఇందులో ఇంచుమించు సగం రేడియోధార్మికతదే.

పాత పంతులమ్మ: అయితే చెరి సగం అన్నమాట. రెండూ ఒకే పద్యంలో ఇరికించాలంటే చోటెక్కడుంది? పైగా అలాగే వేడినిచ్చే పొటాషియం కూడా మిగిలిపోయింది. లఘువు వెంటనే గురువు, ఏ గణం మొదట్లోనూ పట్టదు.

కోనసీమ కుర్రోడు: “ఆ పొటాసియమ్ము” అని ఎత్తుకోండి టీచర్ గారూ, మూడు సూర్యగణాలూ అయిపోతాయి!