ఒక చక్రం దిగకపోతే రెండోదీ ఎత్తేయాలా?

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధపు బాంబర్లు ఇప్పటికీ కొన్ని ఎగురుతున్నాయి. ప్రధాన చక్రాల్లో ఒకటి దిగి, రెండోది మొరాయిస్తే, దిగినదాన్నీ ఎత్తేసి పొట్ట మీద దించడం మేలా?

మరచుట్టు: అమెరికన్ నాలుగు ఇంజిన్ల బాంబర్ బీ-17 అయితే ఎత్తేయాల్సిందే. చక్రాన్ని మోసే ఒక్కో కాలికీ విడి ఎలక్ట్రిక్ మోటారు, అది తిప్పే స్క్రూ ఉంటాయి. ఒకటి చెడినా రెండోది పనిచేస్తుంది. పూర్తిగా ముడిచినా టైరు ఇంజిన్ గూడు కింద కొంత బయటికే ఉంటుంది, కొంత బరువు అదే మోస్తుంది. ఒంటికాలి మీద దిగితే వేగం తగ్గగానే రెక్క వాలి, విమానం ఆ పక్కకి గిర్రున తిరుగుతుంది.

రివెట్: తొందరపడకండి. ముందు బాంబుల అరలో చేతి క్రాంకు పెట్టి తిప్పి చూడాలి. బిగుసుకుపోతే స్క్రూ పట్టేసినట్టు. వదులుగా తిరుగుతున్నా కాలు కదలకపోతే మధ్యలో ఏదో తెగినట్టు. కాలు సగంలో ఇరుక్కుంటే రెండోది ఎత్తినా జత కుదరదు కదండీ. పైగా పొట్ట మీద దిగితే నాలుగు ప్రొపెల్లర్లూ నేలకి తగులుతాయి, నాలుగు ఇంజిన్లూ విప్పి చూడాలి. ఒంటికాలి మీదైతే సాధారణంగా రెండే. పొట్ట కింద వేలాడే తుపాకీ గోళం, బాల్ టరెట్, మాటేమిటి? అది నేలకి తగిలి నడుం విరిచేస్తుంది. ఆ రోజుల్లో గాల్లోనే ఊడదీసి పారేసేవారు, ఈరోజు మరొకటి ఎక్కడ దొరుకుతుంది?

కాన్పూరు: మరో అమెరికన్ బాంబర్ బీ-24 లిబరేటర్‌కి మీ ఇద్దరి లెక్కా సరిపోదు. రెక్క పైన, పొట్ట కింద. బాంబుల అర తలుపులు షాపు షట్టరులా చుట్టుకునే పలచటి రేకు. పొట్ట మీద దింపితే మొదట నలిగేది అదే. కాబట్టి దిగిన కాలు దిగినట్టే ఉంచాలి. ముక్కు కింది చక్రం దిగకపోతే మనిషి వెళ్లి చేత్తో బయటికి తోయాలి. అది దిగినా చక్రం అదరకుండా ఆపే షిమ్మీ డ్యాంపర్‌లో ద్రవం తగ్గితే చక్రం అదిరి కాలు విరుగుతుంది. నేల తాకాక ముక్కుని వీలైనంతసేపు ఎత్తి పట్టాలి. దిగేటప్పుడు ముక్కులో ఎవరూ ఉండకూడదు. బ్రిటిషువాళ్లు కాన్పూరులో వదిలేసిన లిబరేటర్లని మన విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ బాగుచేసింది. 1968 దాకా మన వైమానిక దళం నడిపింది.

మరచుట్టు: రివెట్ గారూ, టరెట్ మాట ఒప్పుకుంటున్నాను. కాలు పూర్తిగా పైనే ఉండిపోయి, టరెట్ లేకపోతేనే ఎత్తేయాలి. సగంలో ఇరుక్కుంటే మీ మాటే సరి.

రివెట్: బ్రిటిష్ బాంబర్ లంకాస్టర్‌లో ఆ ఎంపిక కూడా ఉండదు. చక్రాల్ని ద్రవ పీడనంతో కదిపే హైడ్రాలిక్స్ పోయి, అత్యవసరానికి సీసాలో నొక్కి ఉంచిన గాలితో చక్రాలు దింపాక మళ్లీ ఎత్తడం కుదరదు. ఏది చేయాలో వాల్వు తెరవకముందే తేల్చుకోవాలి.