మల్లె మొగ్గలు ఊదారంగు తిరిగి రాలిపోతున్నాయి, ఏ పురుగో చెప్పండి

బెజవాడ మేడతోట:
నమస్కారమండి. మేడ మీద 4 కుండీల్లో బొండుమల్లె ఉంది. అమ్మ వాళ్ల పుట్టింటి నుంచి తెచ్చిన అంట్లు, నాటి 12 ఏళ్లయింది. వేసవిలో రోజూ సాయంత్రం గిన్నెడు పూలు కోసేదాన్ని. ఈసారి మొగ్గలు బాగానే వేశాయి కానీ విచ్చుకోకముందే ఊదారంగు తిరిగి ఎండిపోతున్నాయి. రెండు మూడు మొగ్గలు సాలెగూడు లాంటి దారంతో అతుక్కుని ఉంటున్నాయి. పక్కన సూది గుచ్చినంత బెజ్జం. బూడిద చల్లాను, లాభం లేదు. మందుల షాపాయన మొగ్గ చూడకుండానే ఒక సీసా చేతిలో పెట్టాడు. ఆ పూలు మా పాప జడలో పెట్టుకుంటుంది, దేవుడికి పెడతాం. మూత తియ్యబుద్ధి కాలేదు.

మైలవరం మల్లెతోట:
అక్కా, ఆ సీసా పక్కన పెట్టండి. ముందు 10 మొగ్గలు కోసి బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. నల్లటి తల, లేతాకుపచ్చ ఒళ్లు ఉన్న పురుగు పాకుతూ కనిపిస్తే అది మొగ్గ తొలిచే పురుగు. గూడు, బెజ్జం అంటున్నారు కాబట్టి నా అనుమానం దాని మీదే. అలా కాక మొగ్గ అడుగున ఉబ్బి, లోపల కాళ్లు లేని సన్నటి తెల్ల పురుగులు ఉంటే అవి మొగ్గ ఈగ పిల్లలు. రెంటికీ మొగ్గ ఊదాగానే మారుతుంది, అందుకే మా తోటల్లో కూడా పొరబడుతుంటారు.

తొలిచే పురుగైతే బీటీ పొడి (గొంగళి పురుగుల్ని చంపే ఒక రకం బ్యాక్టీరియాతో చేసిన మందు) పనిచేస్తుంది, ఈగకి పనిచెయ్యదు. పురుగు దాన్ని తింటేనే చస్తుంది. మొగ్గలోకి దూరాక అందదు కాబట్టి మొగ్గలు గింజంత ఉన్నప్పుడే కొట్టాలి. ఎండకి దాని బలం పోతుంది, పొద్దుగూకాక కొట్టండి. అన్నిటికంటే ముందు, గూడు కట్టిన మొగ్గలన్నీ తుంపి, రాలినవి ఏరి సంచిలో మూట కట్టి పారెయ్యండి. కంపోస్టులో వెయ్యొద్దు. మా నాన్న రోజూ తెల్లారగట్ల ముందు చేసేది ఇదే.

కుండీల పెద్దమ్మ:
అమ్మాయ్, వేపనూనె కూడా వాడొచ్చు. లీటరు నీళ్లకి 5 మి.లీ., కొంచెం సబ్బునీళ్లు కలిపి బాగా గిలక్కొట్టు. నేను ఒకసారి ఏప్రిల్‌లో పట్టపగలు కొట్టి లేతాకులన్నీ మాడ్చేశాను. నువ్వు సాయంత్రమే కొట్టు, అదీ ఆ రోజు పూలు కోసేశాక.

బెజవాడ మేడతోట:
తమ్ముడూ, 10 చీల్చాను. 7 మొగ్గల్లో నల్లతల పురుగే! ఒక్కోటి పూరెక్కలన్నీ తినేసి పెంటతో నింపేసింది. కడుపు తరుక్కుపోయింది. తుంపిన మొగ్గలు రెండు దోసిళ్లయ్యాయి. బీటీ తెప్పించి డబ్బా మీది కొలత ప్రకారం వారానికోసారి రెండుసార్లు కొట్టాను. మూడు కుండీల్లో కొత్త మొగ్గలు తెల్లగా ఉన్నాయి. నాలుగో దాంట్లో మాత్రం అడుగున ఉబ్బినవి కనిపిస్తున్నాయి.

మైలవరం మల్లెతోట:
అది ఈగే అక్కా. దాని పిల్లపురుగు మట్టిలోకి దిగి అక్కడే ప్యూపా (ఈగగా మారే ముందు దశ) అవుతుంది. ఉబ్బినవి రోజూ తుంపుతూ, పైమట్టి రెండంగుళాలు గుల్లగా తవ్వి ఎండ తగలనివ్వండి. ఆ కుండీని మిగతా వాటికి దూరంగా జరపండి.

బెజవాడ మేడతోట:
ఇప్పుడే మెట్ల పక్కకి జరిపి వచ్చాను. నిన్న మిగతా మూడింటివీ కోస్తే 31 పూలు. పాప జడకి సరిపోయాయి.