యూటీడీ గురించి విన్న మాటలు ఎంతవరకు నిజం: హనుమకొండ తమ్ముడికి జవాబు

తమ్ముడికి నమస్కారం. డల్లాస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌కు క్షేమంగా చేరుకున్నందుకు సంతోషం. టెక్సాస్ విశ్వవిద్యాలయం డల్లాస్‌లో, అంటే మనమంతా యూటీడీ అని పిలిచే చోట, ఎమ్మెస్‌లో చేరబోతున్న మీకు ముందుగా వచ్చినవారు మూడు మాటలు చెప్పారని రాశారు: అక్కడ అంతా మనవాళ్ళేనని, కాలేజీ జీవితం అనేది ఉండదని, ఎవరూ చదువు మీద ప్రేమతో రారని. వీటిలో ఏదీ పూర్తిగా కల్పించి చెప్పిన మాట కాదు. అయితే ప్రతి మాటా, చెప్పినవారు ఏ తరగతిలో కూర్చున్నారో, ఏ అపార్ట్‌మెంటులో ఉన్నారో అంతవరకే నిజం.

మొదటి మాట చూద్దాం. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది ఉంటే, వారిలో బ్యాచిలర్స్ చదివేవారు సుమారు 36 వేల మంది మాత్రమే. తక్కినవారిలో అత్యధికులు మాస్టర్స్, పీహెచ్‌డీ చదివేవారు, లేదా చదువు ముగించి ఓపీటీ మీద, అంటే చదువు తర్వాత కొంతకాలం ఉద్యోగానికి ఇచ్చే అనుమతి మీద, పని చేస్తున్నవారు. యూటీడీలో సుమారు 30 వేల మంది విద్యార్థులున్నారు. వారిలో ఎక్కువ మంది బ్యాచిలర్స్ చదివేవారు, వాళ్ళలోనూ అత్యధికులు టెక్సాస్‌లోనే హైస్కూలు పూర్తి చేసినవారు. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ తరగతిలో గానీ, జిందాల్ మేనేజ్‌మెంట్ స్కూల్లోని బిజినెస్ అనలిటిక్స్ తరగతిలో గానీ కూర్చున్న మనిషికి నలువైపులా తెలుగు వినిపిస్తుంది కాబట్టి, అతడు చెప్పింది అబద్ధం కాదు. అదే ప్రాంగణంలో కళలు, మానవీయ శాస్త్రాలు చదివే విద్యార్థిని అడిగితే వేరే విశ్వవిద్యాలయం గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

మన ఊరి ఇంజనీరింగ్ కాలేజీ వరంగల్ నిట్ సంగతి గుర్తు చేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కాలేజీని మన పెద్దలు ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటారు. "అందులో అంతా బయటి రాష్ట్రాల వాళ్ళే, మన పిల్లలకు చోటెక్కడిది" అనే మాట కాజీపేటలో నేను ఎన్నోసార్లు విన్నాను. కానీ బీటెక్ సీట్లలో సగం సొంత రాష్ట్రపు విద్యార్థులకే కేటాయించాలన్నది నియమం. గేట్ పరీక్ష ద్వారా జరిగే ఎంటెక్ ప్రవేశాల్లో అటువంటి కేటాయింపు లేదు. అందువల్ల ఒకే గేటు లోపల, ఒకే రోజు, బీటెక్ హాస్టలు చూసి వచ్చినవారు ఒక మాట, ఎంటెక్ ల్యాబు చూసి వచ్చినవారు మరొక మాట చెప్పే అవకాశం ఉంది. ఒక కాలేజీలో ఎవరుంటారన్నది వారిని లోపలికి తెచ్చిన ప్రవేశ నియమాన్ని బట్టి, డిగ్రీని బట్టి, ఫీజును బట్టి ఉంటుంది.

"మనవాళ్ళు" అన్నప్పుడు కూడా కొంత జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. నర్సంపేట నుంచి వచ్చిన అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చిన అబ్బాయి, హైదరాబాదులో ఇంటర్నేషనల్ స్కూల్లో చదివిన మరొకరు ఒకే తరగతిలో ఉన్నంత మాత్రాన వారి అనుభవం ఒకటి కాదు. ఎవరు ఎవరితో గది పంచుకుంటారన్న దగ్గర ప్రాంతం, కొన్నిచోట్ల కులం కూడా ముందుకు వస్తాయన్నది బాధాకరమైన నిజం. దాన్ని దాచి మీకు సలహా ఇవ్వలేను.

కాలేజీ జీవితం లేదన్న మాటకు కారణం చరిత్రలో ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ స్థాపకులు నెలకొల్పిన పరిశోధనా కేంద్రమే 1969లో యూటీడీ అనే ప్రభుత్వ విశ్వవిద్యాలయంగా మారింది. మొదటి సంవత్సరం బ్యాచిలర్స్ విద్యార్థులను చేర్చుకోవడం 1990లో గానీ మొదలు కాలేదు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం వచ్చి చదువుకునే పెద్దవాళ్ళ కాలేజీగా పేరు పడింది, ఫుట్‌బాల్ జట్టు ఈనాటికీ లేదు. కానీ ఆ తర్వాత విద్యార్థుల నివాసాలు ఎన్నో కట్టారు, చదరంగం జట్టు దేశంలో పేరు తెచ్చుకుంది. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

మూడో మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. మన పిల్లలు ఉద్యోగం కోసమే వస్తారని, పుస్తకం మీద ఆసక్తి లేదని ఇక్కడ కొందరు ప్రొఫెసర్లు, మన సీనియర్లు కూడా తేలికగా అనేస్తారు. తండ్రి పొలమో, ఇల్లో బ్యాంకులో తాకట్టు పెట్టి, డాలరు రేటు పెరిగిన ప్రతిసారీ కంతు లెక్క మళ్ళీ వేసుకునే విద్యార్థి, తనకు ఇష్టమైన కోర్సును వదిలి ఇంటర్వ్యూలో పనికొచ్చే కోర్సును ఎంచుకుంటే, అది అతడి స్వభావం కాదు, పరిస్థితి. మన రాష్ట్రపు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు సహాయంతో వచ్చినవారు, కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చూసినవారు కూడా మీ తరగతిలో ఉండవచ్చు. అప్పు భారం తగ్గిన సెమిస్టరులో అదే విద్యార్థి రాత్రంతా ల్యాబులో కూర్చోవడం నేను చూశాను.

ఇకపై ఎవరైనా ఇటువంటి మాట చెప్పినప్పుడు, ఏ సంవత్సరం చదివారు, ఏ విభాగం, ఎక్కడ ఉండేవారు అని మర్యాదగా అడగండి. మొత్తం విద్యార్థుల వివరాలు కావాలంటే చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం ప్రచురిస్తాయి. ఎంతమంది సొంత రాష్ట్రంవారు, ఎంతమంది విదేశీయులు, ఎంతమంది ప్రాంగణంలో ఉంటున్నారు అన్నది అందులో దొరుకుతుంది. అయితే అందులో కొన్ని భాగాలు బ్యాచిలర్స్ వారి గురించే ఉంటాయి కాబట్టి మీ విభాగం సంగతికి విభాగపు సలహాదారుణ్నే అడగాలి.

నలుగురు తెలుగువాళ్ళతో అపార్ట్‌మెంటు తీసుకోవాలా అని చివర అడిగారు. తీసుకోండి, మొదటి సెమిస్టరులో వంట, అద్దె, బస్సు, బెంగ అన్నీ పంచుకోవడానికి అదే మంచిది. దానితో పాటు ఎఫ్-1 (విద్యార్థి వీసా) నియమం ప్రకారం సెమిస్టరు నడుస్తున్నప్పుడు ప్రాంగణంలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు కాబట్టి, లైబ్రరీలోనో, భోజనశాలలోనో పనికి దరఖాస్తు పెట్టండి. బ్యాచిలర్స్ విద్యార్థులు మీకు పరిచయమయ్యేది ఎక్కువగా అక్కడే. అపార్ట్‌మెంటు లీజు సాధారణంగా 12 నెలలకు ఉంటుంది, అందువల్ల మధ్యలో ఎవరైనా వెళ్ళిపోతే వారి వాటా ఎవరు కట్టాలో సంతకానికి ముందే నలుగురూ కాగితం మీద రాసుకోండి.