బాల్ పైథాన్ (పెంపుడు కొండచిలువ) పెట్టెలో యూవీబీ (ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ఇచ్చే ట్యూబ్ లైటు ఎంత ఎత్తులో బిగించాలి?

పాము పొడవు 120 సెం.మీ., ఉంటున్న డబ్బా అందులో సగం. మూతి చివరి పొలుసు గోడకు రాసుకుని ఎర్రబడింది. అమ్మినవాళ్లేమో "పాములు పరిణామంలో వెనకబడ్డ జీవులు, చీకటి డబ్బా చాలు" అంటారు. ఇదెక్కడి లెక్కో! పాముల వంశమూ మన వంశమంత కాలంగా మారుతూనే వచ్చింది. నాలుగు తరాలు డబ్బాలో పుట్టినంత మాత్రాన ఒళ్లు చాచుకునే అవసరం పోదు.

120×60×60 సెం.మీ. కొత్త పెట్టె సిద్ధం. వేడి వైపు 32 డిగ్రీలు, చల్లని వైపు 26, తేమ 60 శాతం, థర్మోస్టాట్ ఉంది. చిక్కల్లా లైటుతోనే. 6 శాతం యూవీబీ టీ5 (సన్నని రకం) ట్యూబ్‌ని పెట్టె పైనున్న జాలీ మీద పెడితే యూవీబీ కొంత అక్కడే ఆగిపోతుంది, లోపల పెడితే పాము చుట్టుకుంటుంది. పాము వీపు దగ్గర యూవీ సూచిక (యూవీ తీవ్రత కొలత) 2 రావాలంటే ఎంత దూరం ఉంచాలి? సోలార్‌మీటర్ 6.5 (యూవీ సూచిక చూపే పరికరం)తో కొలిచినవాళ్లు జాలీతో, జాలీ లేకుండా వచ్చిన రీడింగులు చెప్పగలరా?