సమస్యాపూరణం: “కాల్చు వెలుఁగు తానె కన్నతల్లి”

నిర్వాహకుడు: ఇచ్చినది ఆటవెలది చివరి పాదం. గరుడ నీహారిక అనే వాయుధూళి మబ్బులో స్తంభాల్లా నిలిచిన భాగాలను హబుల్ అంతరిక్ష దూరదర్శిని 1995లో మామూలు కాంతిలో ఫొటో తీసింది, జేమ్స్ వెబ్ దూరదర్శిని 2022లో కంటికి కనబడని పరారుణ కాంతిలో తీసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మొదటిదాంట్లో గోడలా నిలబడ్డ ధూళి రెండోదాంట్లో పల్చటి తెర. 6,500 కాంతి సంవత్సరాల దూరంలో, భారీ తారల అతినీలలోహిత కాంతి ఆ మబ్బును కోసేస్తోంది.

తెనాలి సభ్యురాలు:

గరుడమేఘమందుఁ గంబాలు మూఁడుండె
పెద్దచుక్క లెండఁబెట్టి చెక్క
లోన నెఱ్ఱచుక్క లూయల లూఁగెను
కాల్చు వెలుఁగు తానె కన్నతల్లి

నిర్వాహకుడు: అమ్మా, ‘ఎండఁబెట్టి చెక్క’ చాలా బాగుంది, జరిగేది సరిగ్గా అదే. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొంతన, తప్పింది. ‘చుక్కలు + ఊయల’ అని సంధి జరిగింది కాబట్టి లెక్కకు వచ్చేది ‘ఊ’. దానికి ‘లో’ కుదరదు. పైగా వెబ్ చిత్రంలో మెరిసే ఆ ఎర్ర చుక్కలు, అంటే పసి తారలు, చాలామటుకు స్తంభాల వెలుపలే ఉన్నాయి. ‘నొడిని నెఱ్ఱచుక్క లూయల లూఁగెను’ అంటే యతీ నిలుస్తుంది, మాటా నిజమవుతుంది.

వరంగల్ సభ్యుడు: నాకు ‘కన్నతల్లి’ దగ్గరే ఇబ్బంది. ఆ కాంతి మబ్బు అంచును వేడెక్కించి ఆవిరి చేస్తుంది. ఆవిరి బయటికి ఎగజిమ్ముతుంటే వెనకున్న మబ్బు నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడుకే కొత్త తారలు పుట్టాయా, లేక అప్పటికే ఉన్నవాటి మీది దుప్పటి తొలగిందా? ఒక్క చిత్రం చూసి తేల్చలేం.

ముందె యున్న బిడ్డ మొయిలు కడుపులోన
పొరలు తీసి మనకుఁ బొడమఁ జూపె
మంత్రసాని యగును, మఱి యెట్టు లగునయ్య
కాల్చు వెలుఁగు తానె కన్నతల్లి?

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత పద్ధతే. కానీ ‘మంత్రసాని’ అన్న మాట పడగానే నాకు ఒళ్లు జలదరించింది. రెండో పాదంలో కర్త ఎవరో కిందికి వెళితే గాని తెలియదు, అదొక్కటే లోటు.

హ్యూస్టన్ సభ్యుడు: గురువుగారూ, నేను తల్లి పక్షం. ఒరాయన్ నీహారికలో డీ203-506 అని ఒక చిన్న తార చుట్టూ ధూళి చక్రం ఉంది. పక్కనున్న భారీ తారల అతినీలలోహిత కాంతి దాన్ని కాల్చేస్తోంది. 2023 నాటి పరిశీలనలో అందులో నీటి జాడ దొరకలేదు. కానీ అప్పుడే వెబ్ అక్కడ మీథైల్ కాటయాన్‌ను, అంటే ధనావేశం ఉన్న ఒక చిన్న కర్బన అణువును, పట్టుకుంది. అంతరిక్షంలో అది కనబడడం అదే మొదలు. పెద్ద కర్బన అణువుల అల్లికకు అదొక మెట్టు. అది తయారవడానికి కావలసిన శక్తి ఆ కాంతిదేనని పరిశోధకుల ఆలోచన.

నీరు లేని చోట నిప్పువానఁ దడిసి
ధూళిచక్రమందుఁ దొలుత విరిసె
కర్బనంపుటణువు, కాదన నేలయా
కాల్చు వెలుఁగు తానె కన్నతల్లి

నిర్వాహకుడు: ‘నిప్పువానఁ దడిసి’కి నమస్కారం. ‘తొలుత విరిసె’ అంటే మాత్రం లోకంలో మొదట పుట్టిందే అక్కడ అన్నట్టుంది. మొదట మనకు కనబడింది అక్కడ, అంతే. ‘దొలుతఁ దోఁచె’ అనండి, గణాలూ సరిపోతాయి.

వరంగల్ సభ్యుడు: ఆ అణువు మటుకు ఆ కాంతి కడుపున పుట్టిందే అనిపిస్తోంది, ఒప్పుకుంటున్నాను. స్తంభాల దగ్గర మాత్రం నా మంత్రసానిని వదలను.