మొదటిసారి ఫ్యాన్‌జీన్‌కి అప్లై చేస్తున్నా, ఏ శాంపుల్స్ పంపాలి?

అర్ధరాత్రి_అక్షరం:

అందరికీ నమస్తే. నాకు ప్రాణమైన ఒక సిరీస్ మీద ఫ్యాన్‌జీన్ (అభిమానులే కథలు, బొమ్మలు కలిపి తెచ్చే పుస్తకం) వేస్తున్నారు. రచయితలకీ ఆర్టిస్టులకీ అప్లికేషన్లు తెరిచారు, గడువు ఇంకా రెండు వారాలుంది. థీమ్ "యుద్ధం అయిపోయాక". అసలు కథ ముగిసిన చోటి నుంచి ఆ పాత్రలు రోజులెలా వెళ్ళదీస్తున్నాయన్నది రాయాలి. ఆ థీమ్ చూసినప్పట్నుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

ఫారంలో అడిగినవి ఇవి: మూడు శాంపుల్స్, ఒక్కోటి 1500 పదాలు దాటకూడదు. ఇంతకు ముందు జీన్లలో పనిచేసిన అనుభవం. ఇందులో ఎందుకు చేరాలనుకుంటున్నారు. రెండు పిచ్‌లు, అంటే రాయబోయే కథల సారాంశాలు. వచ్చే ఐదు నెలల్లో మీకు వీలుకాని రోజులు.

ఏఓ3లో (అభిమానులు రాసిన కథలు పెట్టే సైట్) నావి కొన్ని కథలున్నాయి. అందులో పెద్ద సీరియల్ ఒకటి ఇంకా నడుస్తోంది. దాని తొమ్మిదో అధ్యాయం చదివి ఏడ్చామని చాలామంది కామెంట్లు పెట్టారు. నేను రాసినవాటిలో అదే మేలైనదని నా నమ్మకం. పూర్తయిన చిన్న కథలు కూడా ఉన్నాయి గానీ వాటికి కుడోస్ (అక్కడి లైకులు) తక్కువ. తొమ్మిదో అధ్యాయం పంపనా? అనుభవం గడిలో "లేదు" అని రాస్తే అక్కడితో పక్కన పెట్టేస్తారా? నా ఫ్రెండ్ బొమ్మలు వేస్తుంది, తనూ ఇదే జీన్‌కి అప్లై చేస్తోంది. తనకి పనికొచ్చేవి తెలిస్తే అవీ చెప్పండి.

కలంపాళి:

ముందు ఆ భయం తీసేసుకోండి. జీన్లు నడిపినదాన్ని కాబట్టి చెప్తున్నాను, "అనుభవం లేదు" అన్న ఒక్క మాటకి ఎవర్నీ తీసేయగా నేను చూడలేదు. చాలా జీన్లలో మాడ్స్, అంటే జీన్ నడిపేవాళ్ళు, అప్లై చేసినవాళ్ళ పేర్లు కనపడకుండా చేసి ముందు శాంపుల్సే చదువుతారు. షీట్‌లో ఒక్కో అప్లికేషన్‌కి ఒక నంబరు ఉంటుంది, ఎవరి మార్కులు వాళ్ళు వేసుకుంటారు, ఆ తర్వాత అందరూ కలిసి మాట్లాడుకుంటారు. అందరూ మంచి మార్కులు వేసినవి చకచకా తేలిపోతాయి. ఒకరు ఐదు వేసి ఇంకొకరు రెండు వేసిన చోటే గంటలు పడతాయి. అప్పుడు "ఈ అమ్మాయి మన పుస్తకానికి ఏం రాస్తుందో నాకు కళ్ళకు కడుతోంది" అని ఒక మాడ్ గట్టిగా అనగలగాలి. అలా అనడానికి కావలసినదంతా మీ ఫారంలో ఉండాలి. నేను చెప్పబోయేదంతా దాని కోసమే.

తొమ్మిదో అధ్యాయం పంపొద్దు. బాగోలేదని కాదు. ఆ కన్నీళ్ళ వెనక ఎనిమిది అధ్యాయాలున్నాయి. మీ పాఠకులు ఆ పాత్రతో నెలల తరబడి కలిసి నడిచి అక్కడికొచ్చారు. మాడ్ అప్పటిదాకా ఇంకెవరిదో చదివి, అది మూసి, మీది తెరుస్తుంది. ఈ ఉత్తరం ఎవరు రాశారు, వీళ్ళిద్దరికీ మాటలెందుకు లేవు అని వెతుక్కోవడంలోనే సగం పేజీ గడిచిపోతుంది. పైగా జీన్‌లో మీకు దొరికే చోటు తక్కువ, మామూలుగా 1500 నుంచి 3000 పదాల దాకా ఇస్తారు. అంతలో కథ ఎత్తుకుని, మలుపు తిప్పి, ముగించగలరా అన్నదే మాడ్ చూసేది. అది చూపించగలిగేవి మీ చిన్న కథలే. వాటి కుడోస్ ఎన్నని ఎవరూ లెక్కపెట్టరు.

మూడింటిలో ఒకటైనా ఇదే ఫ్యాండమ్‌ది, అంటే ఇదే సిరీస్ మీద రాసినది, అయితే మంచిది. పాత్రల మాటతీరు మీకు పట్టుబడిందని అది చూపిస్తుంది. మూడూ ఒకే రంగులో ఉండకూడదు. ఒకటి సంభాషణతో నడిచేది, ఒకటి నెమ్మదిగా లోపలికి తవ్వేది, ఒకటి కదలిక ఉన్నది అనుకోండి. ఆ మూడూ ఈ పుస్తకంలో ఇమడాలి. థీమ్ యుద్ధం తర్వాతి జీవితం కాబట్టి, కడుపుబ్బ నవ్వించే పేరడీ ఎంత బాగా రాసినా ఇక్కడ దానికి చోటు లేదు. అలాగే జీన్ అన్ని వయసుల వాళ్ళకీ అని రాసి ఉంటే పెద్దలకు మాత్రమే అన్న శాంపుల్ పంపకండి. మీరు నియమాలు చదవలేదని వాళ్ళనుకుంటారు.

కథ 1500 దాటితే మొదట్నుంచీ 1500 లెక్కపెట్టి అక్కడ తెంపేయకండి. ఒక సన్నివేశం మొదలయ్యే చోట ఎత్తుకుని అది ముగిసే చోట ఆపండి. పైన రెండు లైన్లలో ముందు జరిగింది చెప్పండి, అంతే. మొదటి వాక్యం మీద మాత్రం ఒక పూట కూర్చున్నా తప్పులేదు. అప్లికేషన్లలో ఎన్నో కథలు ఎవరో నిద్ర లేవడంతోనో, కిటికీలోంచి వెలుతురు పడటంతోనో మొదలవుతాయి. వాటి మధ్య "యుద్ధం ముగిసి వారమైనా వంటవాడు ఇంకా నలభై మందికే వండుతున్నాడు" అన్నట్టు ఒకటి వస్తే చదివేవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. ఇది నేనిప్పుడే అల్లిన వాక్యం. ఎంతమంది పోయారో చెప్పకుండానే చెప్పింది, ఒక మనిషిని చూపించింది, థీమ్‌లోకి దింపేసింది. మీ చిన్న కథల్లో ఇలాంటి వాక్యం రెండో పేరాలోనో మూడో పేరాలోనో దాగి ఉండొచ్చు. ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

లింకులు పంపే ముందు ప్రైవేటు విండోలో తెరిచి చూసుకోండి. గూగుల్ డాక్ అయితే లింకు ఉన్న ఎవరైనా చదవగలిగేలా పెట్టాలి. అది మీ సొంత అకౌంటులో ఉంటే మీ అసలు పేరు బయటపడే అవకాశం ఉంది, కలం పేరుతో రాసేవాళ్ళు వేరే అకౌంటు పెట్టుకోవడం మేలు. ఏఓ3లో కథని సభ్యులకు మాత్రమే అని పెట్టి ఉంటే లాగిన్ కాని మాడ్‌కి అది కనపడదు. తెరుచుకోని లింకు గురించి మెయిల్ పెట్టి అడిగేంత తీరిక అందరికీ ఉండదు.

అనుభవం గడిలో "జీన్ అనుభవం లేదు" అని రాసి, వెంటనే ఉన్నది రాయండి. గడువుకి కథ ఇచ్చిన ఎక్స్‌ఛేంజ్ (ఒకరికొకరు కథలు రాసిచ్చుకునేది) గానీ, బిగ్ బ్యాంగ్ (గడువు పెట్టి పెద్ద కథలు రాయించేది) గానీ, ఇంకొకరి కథకి బీటా చేసింది, అంటే ముందే చదివి సరిదిద్దింది గానీ, మీ సీరియల్ క్రమం తప్పకుండా వస్తుంటే ఆ సంగతి గానీ. ఈ మనిషి చెప్పిన రోజుకి ఇస్తుందా, ఎడిటర్ మార్పులు చెప్తే వింటుందా అన్నదే ఆ గడి వెనకున్న అసలు ప్రశ్న. వీలుకాని రోజుల గడిలో "ఎప్పుడైనా సరే" అని రాయకండి. "ఫలానా రెండు వారాలు నాకు పరీక్షలు, అందుకే మొదటి డ్రాఫ్ట్ ముందే ఇచ్చేస్తాను" అన్నవాళ్ళ మీద నాకు నమ్మకం ఎక్కువ. షెడ్యూలు చదివి, తన క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూసుకున్న మనిషి అది.

ఎందుకు చేరాలనుకుంటున్నారు అన్నదానికి ఆ సిరీస్ అంటే ఎంత ప్రాణమో రాయకండి, అప్లై చేసిన అందరికీ ప్రాణమే. ఈ థీమ్‌లో మిమ్మల్ని పట్టుకుని వదలని ప్రశ్న ఏమిటో రాయండి. పిచ్‌లు ఇక్కడ పెడితే చూస్తాను.

రంగులపెట్టె:

మీ ఫ్రెండ్ కోసం. నేను జీన్లకి పేజీ ఆర్ట్ వేస్తాను.

పోర్ట్‌ఫోలియోలో మనిషి ఒక్కడు, వెనక తెల్లగా ఖాళీ, ఇలాంటివే అన్నీ ఉంటే పేజీ ఆర్టిస్టుగా తీసుకోవడం కష్టం. వెనక చోటు కనపడేది, ఇద్దరు ముగ్గురు ఒకే ఫ్రేములో ఉన్నది తప్పకుండా ఒకటైనా పెట్టమనండి. అలాంటిది లేకపోతే ఈ రెండు వారాల్లో ఒకటి కొత్తగా వేయొచ్చు. కీచైన్లు, స్టిక్కర్ల వైపు అప్లై చేస్తుంటే లెక్క వేరు, అక్కడ చిన్న సైజులో కూడా పోలిక తెలిసే గీత కావాలి. ఐదు బాగుండి ఆరోది బలహీనంగా ఉంటే ఐదే పెట్టాలి. సోషల్ మీడియా పేజీ లింకు ఇచ్చి వెతుక్కోమనకుండా అన్నీ ఒక్కచోట పెట్టాలి, అందరికంటే ముందు కనపడేది తనకి బాగా నచ్చినది కావాలి. పాతవి వద్దు. ఇప్పటి చేయి ఎలా ఉందో అదే చూపించాలి.

ప్రింటు సంగతి తెలుసని ఒక మాట రాస్తే మాడ్స్‌కి ధైర్యం. ఏ5 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 1748 x 2480 పిక్సెళ్ళు. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అంచు) కలిపితే 1819 x 2551. చిన్న కాన్వాస్ మీద వేసి తర్వాత సాగదీస్తే గీతలు చెదిరిపోతాయి. స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ, ఘాటు గులాబీ సీఎంవైకేలోకి (ప్రింటుకి వాడే రంగుల పద్ధతి) మారితే మసకబారతాయి, మొదట్నుంచే ఆ ప్రొఫైల్‌లో చూసుకుంటూ వేయడం నా అలవాటు. ఇంకోటి, చాలా జీన్లు ఏఐ బొమ్మలు ఒప్పుకోవు, అనుమానం వస్తే పని దశలు చూపించమంటాయి. లేయర్లున్న ఫైళ్ళు, మొదటి స్కెచ్‌లు పారేయకుండా ఉంచమనండి.

అర్ధరాత్రి_అక్షరం:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఫ్రెండ్ అప్పుడే కొత్త బొమ్మకి కూర్చుంది. కలంపాళి గారూ, నా పిచ్ ఇది:

"యుద్ధం తర్వాత వైద్యుడు తన గతాన్ని మర్చిపోలేక బాధపడుతుంటాడు. స్నేహితుల తోడుతో మెల్లగా కోలుకుంటాడు. ఓదార్పు, స్నేహం, ఆశల గురించిన హృదయాన్ని తాకే కథ."

కలంపాళి:

ఇదే పిచ్ మరో పదిమంది ఫారాల్లో ఉంటుంది. ఇందులో భావాలున్నాయి గానీ సంఘటన లేదు. "హృదయాన్ని తాకే" అన్నది చదివినవాళ్ళు అనాల్సిన మాట, మీరు అనకండి. గతం అంటే ఏ రోజు? స్నేహితులంటే ఎవరు, ఎక్కడ కలుస్తారు? కోలుకున్నాడని మాకెలా తెలుస్తుంది, ఏం చేస్తాడు? ముగింపు దాచకండి. "ఏం జరుగుతుందో చదివి తెలుసుకోండి" అన్న ఊరింపు పుస్తకం వెనక అట్ట మీద బాగుంటుంది. మాడ్‌కి మాత్రం కథంతా తెలియాలి. ఇద్దరు ఒకే ముగింపు రాయకుండా చూసుకోవాలి, ఏ కథ తర్వాత ఏది పెట్టాలో తేల్చుకోవాలి, ఆర్టిస్టుని జతచేయాలంటే బొమ్మకి పనికొచ్చే దృశ్యం ఎక్కడుందో చూసుకోవాలి.

అర్ధరాత్రి_అక్షరం:

మళ్ళీ రాశాను:

"చివరి దాడి రాత్రి వైద్యుడి దగ్గర ఒక్కరికి సరిపడా మందే ఉంది, ఇద్దరు గాయపడ్డారు. ఇప్పుడతను బళ్ళో పిల్లలకి కట్లు కట్టడం నేర్పుతున్నాడు. ఆ రాత్రి అతను కాపాడలేకపోయిన సైనికుడి చెల్లెలు మొదటి వరసలో కూర్చుంటుంది. ఆ పిల్ల చేతికి నమూనా కట్టు కడుతూ జరిగింది చెప్పేస్తాడు. ఆమెకది ముందే తెలుసు, తెలిసే ఆ క్లాసులో చేరింది. కట్టు విప్పి, ఈసారి అతని చేతికి తను కడుతుంది."

కలంపాళి:

పంపేయండి. చివరి వాక్యం చదివి నేను కాసేపు ఆగిపోయాను, ఆ బొమ్మ వేయడానికి ఆర్టిస్టులు పోటీపడతారు. రెండో పిచ్ వేరే పాత్ర మీద, కాస్త తేలికపాటి స్వరంలో రాయండి. వైద్యుడి పాత్ర ఇంకెవరికైనా వెళ్ళిపోయినా మీకు చోటుంటుంది.

పుటసంఖ్య:

ఇంతమంది ఎంపికవడం గురించే చెప్పారు, మీరు వాళ్ళని ఎంచుకోవడం గురించి కూడా చెప్పాలనిపించింది. ఫారం నొక్కే ముందు జీన్ నియమాలు మొత్తం చదవండి. మాడ్స్ ఇంతకు ముందు పూర్తిచేసిన ప్రాజెక్టులున్నాయా, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, లాభం విరాళానికా లేక రాసినవాళ్ళకీ వేసినవాళ్ళకీ పంచుతారా, మీ కాపీ ఉచితమా, పోస్టు ఖర్చు ఎవరిది, మీ కథని మీ పేజీలో ఎప్పట్నుంచి పెట్టుకోవచ్చు. ఇవి రాసి లేకపోతే మర్యాదగా అడగండి. అడిగినందుకు విసుక్కునేవాళ్ళతో ఐదు నెలలు పనిచేయడం కష్టం. డబ్బులు కట్టించుకున్నాక పుస్తకం ముద్రణకే వెళ్ళని ప్రాజెక్టులో నా స్నేహితులు ఇరుక్కున్నారు. కొన్నవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది కథలు రాసినవాళ్ళే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఏఓ3 గురించి ఒక మాట. అది 2007లో మొదలైన ఓటీడబ్ల్యూ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపేది, అక్కడ వ్యాపార ప్రచారం కుదరదు. శాంపుల్‌గా ఆ లింకు ఇవ్వొచ్చు. ఎంపికయ్యాక మాత్రం "నా కథ ఈ జీన్‌లో వస్తోంది, ఇక్కడ కొనండి" అని అక్కడి నోట్స్‌లో పెట్టకండి.

అర్ధరాత్రి_అక్షరం:

నియమాలు మళ్ళీ చదివాను, కాపీ ఉచితమని ఉంది గానీ పోస్టు ఖర్చు సంగతి లేదు. మెయిల్ పెట్టాను. శాంపుల్స్‌గా రెండు చిన్న కథలు, మూడోది సీరియల్ మొదటి అధ్యాయంలోంచి ఒక సన్నివేశం, అది విడిగా చదివినా అర్థమవుతుంది. ఫారం చివర "మధ్యలో ఎవరైనా తప్పుకుంటే పించ్ హిటర్‌గా వస్తారా" అని ఒక గడి ఉంది. దానికి అవునంటే మొదటి ఎంపికలోంచి తీసి అందులో వేస్తారేమోనని సందేహం.

కలంపాళి:

తీయరు. ముందు అసలు ఎంపిక జరుగుతుంది, ఆ తర్వాతే ఆ జాబితా చూస్తారు. తక్కువ రోజుల్లో రాయగలననిపిస్తే అవును అనే పెట్టండి, ఎన్ని రోజుల్లో ఇవ్వగలరో కూడా పక్కనే రాయండి. నడిమధ్యలో ఒక రచయిత తప్పుకున్నప్పుడు మాడ్ మొదట తెరిచేది ఆ జాబితానే, అందులో రోజులు రాసి ఉన్న పేర్లకే ముందు కబురు వెళ్తుంది.