కాటిసీను స్వగతం మీద ఇంగ్లిష్ వ్యాసం రాస్తే మార్కులు పడతాయా?

బెల్లందూరు_అమ్మ:
మా అమ్మాయి ఇక్కడే బెంగళూరులో బి.ఏ. ఇంగ్లిష్ రెండో ఏడు. నాటకంలో ఒక పాత్ర తనలో తాను మాట్లాడుకునే ఘట్టం ఏదైనా తీసుకుని 1500 మాటల్లో విశ్లేషణ రాయమన్నారు. నాటకం ఏ భాషదైనా పర్లేదట, వ్యాసం ఇంగ్లిష్‌లో ఉండాలి. క్లాసులో సగం మంది హామ్లెట్, మిగతా సగం మాక్‌బెత్. ఇదేమో హరిశ్చంద్ర కాటిసీను అని పట్టుబట్టి కూర్చుంది. మా నాన్న రేపల్లె దగ్గర మా ఊళ్లో ఆ వేషం కట్టేవారు, సెలవులకి వెళ్లినప్పుడల్లా దీనికి పాడి వినిపించేవారు. అదీ కారణం. రెండు పేజీలు రాసింది. చదివితే నాకు కథ చెప్పినట్టే ఉంది. సోమవారం ఇవ్వాలి, నాకు టెన్షన్‌గా ఉంది. అసలు పద్యం పాడటం స్వగతం లెక్కలోకి వస్తుందా?

ఎర్రసిరా:
వస్తుందా రాదా అన్నది తర్వాత. ఏ పద్యాల మీద రాస్తోందమ్మా? 'ఇచ్చోటనే' మీదేనా? అయితే ఆ పద్యం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయంలోది కాదు. జాషువా గారి 'శ్మశానవాటి'లోది. నటులు తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు. నాటకం రాసినవాడు రాయని మాటల్ని పట్టుకుని, పాత్ర మనసు ఇదీ అని ఎలా తేలుస్తుంది?

31 ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. పిల్లలు చేసే తప్పు ఒకటే. పాత్ర అన్నదే తమ మాటల్లో మళ్లీ చెప్పి, చివర 'చాలా గొప్పగా ఉంది' అని ముగిస్తారు. ఒక ప్రశ్న దొరికేదాకా కలం పట్టకూడదు. హామ్లెట్ మూడో అంకం మొదటి రంగం చూడండి. బతకాలా, చావాలా అని తర్జనభర్జన పడే ఆ 30 పైచిలుకు పంక్తుల్లో, ప్రియురాలు ఒఫీలియా కంటబడేదాకా, 'నేను' అన్న మాట ఒక్కసారి రాదు. అంతా 'మనం', 'మనకు'. తండ్రి ఊసు లేదు, పగ ఊసు లేదు. పైగా పోయినవాడెవడూ తిరిగిరాని దేశం అంటాడు, తండ్రి దయ్యంతో స్వయంగా మాట్లాడినవాడు! ఎందుకలా? వ్యాసం అక్కడ మొదలవుతుంది. హామ్లెట్ రాయించండి, గోల వదులుతుంది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
ప్రతి సాయంత్రం ఆరున్నరకి సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర నేను చెప్పుకునేదే అసలు స్వగతం. అందులో మాత్రం అన్నీ 'నేను'లే.

హార్మోనియం_పెట్టె:
మాస్టారూ, హామ్లెట్ ఒంటరిగా ఉన్నాడని మీకెవరు చెప్పారు? రాజు క్లాడియస్, మంత్రి పొలోనియస్ చాటున నక్కి వింటున్నారు. ఒఫీలియాని పుస్తకం చేతికిచ్చి అక్కడే తిరగమన్నారు. అది స్వగతమైనప్పుడు, చుట్టూ శవాలు తప్ప ఎవరూ లేని హరిశ్చంద్రుడిది కాకుండా ఎలా పోతుంది?

ఇక రాసినవాడి మాటే ప్రమాణం అన్నారు. ఏ మాట? 1603లో అచ్చైన హామ్లెట్‌లో ఆ మాటలు ఒక రకం, తర్వాతి అచ్చులో ఇంకో రకం. మొదటి దాంట్లో 'అదే ప్రశ్న' అని లేదు, 'అదే విషయం' అన్నట్టుంది. నాటకంలో వచ్చే చోటు కూడా వేరు, ఇంకా ముందే వస్తుంది. అక్కడ లేని పట్టింపు మా కాటిసీను దగ్గరే ఎందుకు?

మా నాన్న 22 ఏళ్లు నాటకాలకి హార్మోనియం వాయించాడు. కాటిసీను వచ్చేసరికి ఏ తెల్లవారుజామో అయ్యేది. నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపి కూర్చోబెట్టేవాళ్లు. రాగం తీస్తున్నంతసేపూ పాత్ర ఆలోచిస్తున్నట్టే, మాట ఇంకా నోటికి రాలేదంతే. వన్స్ మోర్ అంటే మళ్లీ మొదటికి వెళ్లేవాడు. రెండోసారి పాడినప్పుడు అదే పద్యం ఇంకోలా వినపడేది. కాగితం చూసి ఇది చెప్పలేరు.

సంధి_సమాసం:
మీరంతా వాడుతున్న 'స్వగతం' అన్న మాటే ఇక్కడ పొసగదు. సంస్కృత నాటకాల్లో స్వగతం అంటే పక్కన పాత్రలున్నా వాళ్లకి వినపడదని ఒప్పుకుని పలికే మాట. 'ప్రకాశం' అంటే అందరికీ వినపడేది. రంగం మీద ఒక్కడే నిలబడి పలికేది వేరే సంగతి, అది ఏకోక్తి. ముందు పేరు తేల్చండి.

బి.టి.ఎం._బాబాయి:
ఒక్కడే కావాలంటే గిరీశం ఉన్నాడుగా. కన్యాశుల్కంలో తెర లేవగానే బొంకులదిబ్బ దగ్గర నిలబడి, పూటకూళ్లమ్మ సామానుకిచ్చిన 20 రూపాయలు ఏం చేశాడో తనకు తానే చెప్పుకుంటాడు. పద్యం లేదు, రాగం లేదు, ఇంగ్లిష్ ముక్కలు కూడా ఉన్నాయి. మాస్టారికీ సంతోషం.

బెల్లందూరు_అమ్మ:
గిరీశం అంటే దానికి మంట బాబాయి గారూ. బుచ్చమ్మ సంగతి చదివినప్పటి నుంచీ.

మల్లేశ్వరం_ఫిల్టర్‌కాఫీ:
వాళ్ల లెక్చరర్ కన్నడ ఆవిడైతే భయమే లేదు. రాఘవాంకుడి హరిశ్చంద్ర కావ్యం ఉంది వాళ్లకి. లోహితుడి శవం మీద చంద్రమతి ఏడ్చే ఘట్టం మా ఓనరమ్మకి నోటికొచ్చు. కథ విడమర్చి చెప్పే పనిలేదు.

ఎర్రసిరా:
హార్మోనియం గారూ, హామ్లెట్ అచ్చులు ఎన్నున్నా పుస్తకం మీద పేరు షేక్‌స్పియర్‌దే. నేనడిగింది రాగం గురించి కాదు. పద్యం ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి.

హార్మోనియం_పెట్టె:
జాషువాదే, ఎవరు కాదన్నారు? కానీ మీలాంటి వాళ్లు ఏదో ఒక వంక పెట్టి తెలుగుని పక్కకి తోస్తారని నాకు అనుభవం. ఇదే ఊళ్లో 1998లో ఒక కాలేజీలో డిగ్రీ చదివాను, పేరెందుకు. లియర్ రాజు తుఫానులో దిక్కులేని పేదల్ని తలుచుకునే మాటల పక్కన హరిశ్చంద్రుణ్ణి పెట్టి రాశాను. ఇద్దరూ రాజ్యం పోయినవాళ్లే కదా. ఆయన క్లాసులో పైకి చదివి నవ్వించాడు. 20కి 4. కింద ఎర్ర ఇంకుతో 'నాటకాల పిచ్చి' అని రాశాడు. మీ పేరు చూడగానే అదే గుర్తొచ్చింది.

ఎర్రసిరా:
ఎవరో చేసిన పాపానికి నన్ను దోషిని చేయకండి. నా జీవితంలో ఏ పిల్లవాడి కాగితమూ చదివి నవ్వించలేదు.

హార్మోనియం_పెట్టె:
నవ్వించక్కర్లేదు. 'హామ్లెట్ రాయించండి, గోల వదులుతుంది' అంటే చాలు. మా నాన్న బతుకంతా మీకు గోల.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
అన్నా, పాప సబ్మిషన్ సోమవారం. ఇప్పుడు శుక్రవారం రాత్రి.

ఎర్రసిరా:
సరే, తెలుగంటే చులకన అన్నారు కాబట్టి చెబుతాను. చెప్పకూడదనుకున్నాను.

మా నాన్న మా ఊళ్లో ఈ నాటకం చూసింది పందిరి బయట నిలబడి. లోపల కూర్చునే హక్కు మావాళ్లకి లేదు. ఇక్కడ అస్పృశ్యతకు తావే లేదన్న పద్యం ఆయన అక్కడి నుంచే విన్నాడు. ఇంటికొచ్చి మాకు అప్పజెప్పేవాడు. రాసింది మనవాడేనని ఆయనకి చాలా ఏళ్లు తెలీదు. లోపల వన్స్ మోర్ కొట్టినవాళ్లలో ఎందరికి తెలుసు? తెలిసినవాళ్లు ఎందుకు చెప్పలేదు? కొన్నేళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక తెలుగువాళ్ల కార్యక్రమంలో కాటిసీను వేశారు. కరపత్రంలో బలిజేపల్లి వారి పేరుంది, వేషగాడి పేరుంది, దుస్తులు అద్దెకిచ్చినవాళ్ల పేరు కూడా ఉంది. జాషువా పేరు లేదు. ఆ పిల్ల కూడా 'హరిశ్చంద్రుడు ఇలా అన్నాడు' అని ఇంగ్లిష్‌లో రాసేస్తే ఇంకో కరపత్రం తయారైనట్టే. హామ్లెట్ రాయమన్నది అందుకు.

హార్మోనియం_పెట్టె:
ఇది మొదటే చెప్పాల్సింది మాస్టారూ. నేను ఏదో అనుకున్నాను. 'బతుకంతా గోల' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఆ పద్యాలు పుస్తకంలోనే ఉండిపోతే మీ నాన్న దాకా వచ్చేవా? చదువు రానివాళ్ల నోళ్లలో నిలబెట్టింది ఆ నటులే. పేరు చెప్పలేదు, నిజమే. మా నాన్న ట్రూపులో కూడా ఎవరూ మైకులో చెప్పగా నేను వినలేదు. అయినా పద్యం చచ్చిపోకుండా చూశారు.

ఎర్రసిరా:
పద్యాన్ని లోపలికి రానిచ్చారు, మనిషిని బయట ఉంచారు. దీనికి నేను థాంక్స్ చెప్పాలా?

సంధి_సమాసం:
స్వగతమా, ఏకోక్తా అన్న నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

బెల్లందూరు_అమ్మ:
సార్, మీరు రాసింది రాత్రి అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రాసిన రెండు పేజీలూ తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు దాని ప్రశ్న ఇది. జాషువా పద్యంలో 'ఇక్కడ' అంటే ఏ శ్మశానమైనా కావచ్చు, మాట్లాడేది ఎవరైనా కావచ్చు. అదే పద్యం హరిశ్చంద్రుడి నోట్లో పెడితే 'ఇక్కడ' అంటే కాశీలో వీరబాహుడి కాడు, మాట్లాడేది ఆ కాటికాపరికి అమ్ముడుపోయిన రాజు. ఇక్కడ అందరూ సమానమే అన్న ఆ నోటితోనే కాసేపటికి కట్టుకున్న భార్యని, చచ్చిన కొడుక్కి కాటిసుంకం కట్టమంటాడు. చివర్లో రాజ్యం తిరిగొస్తుంది, వీరబాహుడి బతుకు మాత్రం ఆ కాట్లోనేనా అని అడుగుతోంది. ఇలా రాయొచ్చా సార్?

ఎర్రసిరా:
రాయమనండి. మొదటి పేరాలోనే పద్యం ఎవరిదో రాయాలి, చివర చిన్న అక్షరాల్లో కాదు. నాలుగు పాదాలు చాలు, పద్యమంతా అనువదిస్తూ కూర్చోవద్దు. 'తావే లేదు'లో ఆ 'ఏ' ఉంది చూశారా, దాని మీద ఒక పేరా రాయొచ్చు. ఇంగ్లిష్‌లో అది ఎలా తేవాలో నాకూ తోచడం లేదు, ఆ ఇబ్బంది కూడా వ్యాసంలో పెట్టమనండి.

హార్మోనియం_పెట్టె:
రాగం గురించి కూడా ఒక పేరా ఉండాలి. వన్స్ మోర్ సంగతి మర్చిపోవద్దు. అందరూ సమానమే అన్న పద్యాన్ని మళ్లీ పాడమన్నవాళ్లు పందిరి లోపల కూర్చున్నవాళ్లే, అది రాయమనండి.

ఎర్రసిరా:
అది బాగుంది.

బి.టి.ఎం._బాబాయి:
గిరీశం అయితే ఈపాటికి వ్యాసం అయిపోయేది.

బెల్లందూరు_అమ్మ:
పొద్దున నాన్నకి ఫోన్ చేశాను. 'ఇచ్చోటనే ఎవరి పద్యం నాన్నా' అని అడిగాను. ఎనభై దాటాయి, చెవి కూడా సరిగా వినపడదు. రెండుసార్లు అడిగాక, ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు, 'హరిశ్చంద్రుడిది కాక ఎవరిదే' అన్నారు.

ఎర్రసిరా:
చూశారా? నేను చెబుతున్నది అదే.

హార్మోనియం_పెట్టె:
నేను చెబుతున్నదీ అదే మాస్టారూ.